ఐదో తరగతికి పరీక్ష తిరిగొచ్చింది, మరి ఇంటి భాష?

బిలాస్‌పూర్‌లోని దయాల్‌బంద్‌లో ఒక తెలుగు ఇంటిని ఊహించుకోండి. ఐదో తరగతి చదివే అమ్మాయి పొద్దున అమ్మతో తెలుగులో మాట్లాడుతుంది. వీధిలో ఛత్తీస్‌గఢీ కలిసిన హిందీ. బడిలో హిందీ లేదా ఇంగ్లిష్. రాత్రి విజయనగరం నుంచి నాన్నమ్మ ఫోన్ చేస్తే మళ్లీ తెలుగు. మాట్లాడటం వరకు ఇబ్బంది లేదు. ఊరి నుంచి వచ్చిన పెళ్లి శుభలేఖ చేతికిచ్చి చదవమంటేనే తడబాటు.

ఇక్కడి తెలుగువాళ్లు నిన్న మొన్న వచ్చినవాళ్లు కాదు. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచే పనుల కోసం వచ్చి, తరాలుగా స్థిరపడ్డ కుటుంబాలున్నాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు బిలాస్‌పూర్ కేంద్రమైంది. రైల్వే ప్రాంతంలోని బారాఖోలీలో జరిగే సోలాపురి మాత పూజలో తెలుగు గట్టిగానే వినిపిస్తుంది. బడి పుస్తకాల్లో మాత్రం కనిపించదు.

ఐదో తరగతి ఎందుకు కీలకం?

2020 జాతీయ విద్యా విధానం ప్రకారం మూడు నుంచి ఐదు తరగతులు కలిపి 'సన్నాహక దశ'. అది ఐదుతో ముగుస్తుంది. ఆరు నుంచి ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో టీచరు, పాఠాలు బరువు, మాటలు కొత్తవి. ఐదు దాటేసరికి పిల్లలు చదివి అర్థం చేసుకోగలగాలి, నాలుగు లెక్కలూ తడుముకోకుండా చేయగలగాలి. అది జరగకపోతే ఆ లోటు ప్రతి సబ్జెక్టులోనూ బయటపడుతుంది.

లోటు చిన్నదేమీ కాదు. గ్రామీణ ప్రాంతాల్లో జరిపిన 2024 అసర్ సర్వే ప్రకారం దేశంలో ప్రభుత్వ బడుల ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవారు 44.8 శాతమే. ప్రభుత్వ, ప్రైవేటు బడులు కలిపి చూస్తే భాగహారం చేయగలిగిన ఐదో తరగతి పిల్లలు 30.7 శాతం. ఇవి పల్లెల లెక్కలు. అయినా పట్టణంలోని తల్లిదండ్రులు కూడా తమ పిల్లల విషయంలో ఒకసారి సరిచూసుకోవాల్సిన లెక్కలే.

ఏం నేర్చుకుంటున్నారు?

ఎన్‌సీఈఆర్‌టీ 2025లో ఐదో తరగతికి కొత్త పుస్తకాలు తెచ్చింది. హిందీకి 'వీణా', ఇంగ్లిష్‌కు 'సంతూర్', గణితానికి 'మ్యాథ్స్ మేళా', పరిసరాల పరిజ్ఞానానికి 'అవర్ వండ్రస్ వరల్డ్'. గణితంలో పెద్ద సంఖ్యలు, భిన్నాలు, కోణాలు, బరువులు, కాలం, పటాలు చదవడం ఉంటాయి. పెద్ద సంఖ్యల పాఠం ప్రయాణాల చుట్టూ సాగుతుంది. రైల్వే ఊరి పిల్లలకు ఇంతకంటే దగ్గరి విషయం ఏముంటుంది? కోర్బా-విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ టైమ్‌టేబుల్ ముందు పెట్టుకుని, రాయ్‌పూర్ నుంచి విజయనగరానికి ఎన్ని గంటలో లెక్కగట్టమంటే అదే కాలం పాఠం.

పరిసరాల పుస్తకంలో నది ప్రయాణం గురించి పాఠం ఉంది. బిలాస్‌పూర్ మీదుగా పారే అర్పా నది పెండ్రా ప్రాంతంలో పుట్టి శివనాథ్‌లో కలుస్తుంది. శివనాథ్ మహానదిలో, మహానది బంగాళాఖాతంలో కలుస్తాయి. నాన్నమ్మ ఊరి దగ్గర చూసిన సముద్రమూ అదే. ఈ సంగతి ఇంట్లో ఎవరైనా తెలుగులో చెబితే పిల్లలకు పాఠం గట్టిగా గుర్తుంటుంది.

పరీక్ష సంగతి ఏమిటి?

విద్యాహక్కు చట్టం మొదట్లో ఎనిమిదో తరగతి దాకా ఎవరినీ ఫెయిల్ చేయకూడదంది. 2019 సవరణ ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష పెట్టుకునే వీలును రాష్ట్రాలకు ఇచ్చింది. ఛత్తీస్‌గఢ్ 2024-25లో ఈ రెండు తరగతులకు కేంద్రీకృత వార్షిక పరీక్షలను మళ్లీ మొదలుపెట్టింది. కేంద్రీయ విద్యాలయాల వంటి కేంద్ర ప్రభుత్వ బడులకు 2024 డిసెంబరులో వచ్చిన నిబంధనల ప్రకారం, తప్పిన పిల్లలకు రెండు నెలల్లోపు మళ్లీ పరీక్ష పెట్టాలి. అందులోనూ తప్పితే అదే తరగతిలో ఉంచుతారు. ఎలిమెంటరీ చదువు పూర్తయ్యేదాకా బడి నుంచి మాత్రం పంపేయకూడదు.

ఐదో తరగతి వాళ్లకు మరో అవకాశం నవోదయ ప్రవేశ పరీక్ష. బిలాస్‌పూర్ జిల్లా నవోదయ విద్యాలయం మల్హార్‌లో ఉంది. మేధాశక్తి, గణితం, భాష కలిపి 100 మార్కుల పరీక్ష. సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ పిల్లలకే.

ఇంటి భాషకు హక్కు లేదా?

ఉంది. రాజ్యాంగంలోని 350-ఎ అధికరణ, భాషా అల్పసంఖ్యాక పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించేందుకు రాష్ట్రాలు ప్రయత్నించాలంటుంది. తరగతిలో 10 మంది లేదా బడిలో 40 మంది ఆ భాష పిల్లలుంటే టీచరును ఇవ్వాలన్న సూత్రం 1949 నుంచే ఉంది. జాతీయ విద్యా విధానం కూడా కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలో బోధించాలంటుంది, కానీ 'వీలైన చోటల్లా' అని జోడిస్తుంది. 18 స్థానిక భాషల్లో ప్రాథమిక బోధన తెస్తామని ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024లో ప్రకటించింది.

చిక్కల్లా లెక్క దగ్గరే. పట్టణంలో తెలుగు పిల్లలు ఒకే బడిలో ఉండరు. కొందరు కేంద్రీయ విద్యాలయంలో, కొందరు ప్రైవేటు ఇంగ్లిష్ మీడియంలో, కొందరు ప్రభుత్వ బడిలో. ఊరంతా కలిపితే చాలామందే ఉన్నా, ఒక్క తరగతిలో పదిమంది తేలరు. అడిగేవాళ్లు లేనప్పుడు టీచరు పోస్టు గురించి ఎవరూ ఆలోచించరు. కన్నవాళ్లకు కూడా ఇంగ్లిష్ మీదే ధ్యాస. తప్పు పట్టలేం, ఉద్యోగం అక్కడుందని వాళ్ల అనుభవం.

ముందున్న రోజులు, చేయగలిగిన పని

బడి ఏడాదిలో భాషకు చోటు దొరికే రోజులు చాలానే ఉన్నాయి. శ్రావణ అమావాస్యకు ఛత్తీస్‌గఢ్‌లో హరేలీ పండుగ, పొడుగాటి వెదురు గెడీల మీద పిల్లల నడక. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం, గిడుగు రామమూర్తి పుట్టినరోజు. సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పించాలని ఆయన ఆ భాష నేర్చుకుని, పుస్తకాలు రాసి, బడులు నడిపారు. నవంబరు 1 రెండు రాష్ట్రాలకూ అవతరణ దినమే: ఆంధ్రప్రదేశ్ 1956లో, ఛత్తీస్‌గఢ్ 2000లో ఏర్పడ్డాయి. నవంబరు 14 బాలల దినోత్సవం. ఫిబ్రవరి 21 అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం. ఆ తర్వాత వార్షిక పరీక్షల హడావుడి.

ఈ రోజుల్లో ఒక తెలుగు పాటకో, కథకో వేదిక మీద అయిదు నిమిషాలు అడగడానికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు. తెలుగు కుటుంబాలు కలిసి, ఏ బడిలో ఏ తరగతిలో ఎందరు తెలుగు పిల్లలున్నారో ఒక జాబితా రాసుకుంటే, పదిమంది ఎక్కడ తేలతారో తెలుస్తుంది. దరఖాస్తుకు అదే ఆధారం. అప్పటిదాకా ఆదివారం ఒక గంట, అక్షరాలు, గుణింతాలు, ఒక చిన్న కథ. తెలుగు మాట్లాడే పిల్లలకు మాటలు ముందే తెలుసు, నేర్వాల్సింది లిపి ఒక్కటే. ఆరో తరగతిలో చదువు బరువు పెరిగాక ఆ గంట దొరకడం కష్టం. ఐదో తరగతిలో ఇంకా దొరుకుతుంది.