వాగ్యూ మాంసం: అంత ధర పెట్టి తినాలా?

"మావారికి గుండెలో స్టెంటు వేశారు. దుబాయిలో ఉన్న మా అబ్బాయి, అక్కడికి వస్తే నాన్నకు వాగ్యూ అనే జపాన్ గొడ్డు మాంసం తినిపిస్తానంటున్నాడు. దాని కొవ్వు గుండెకు మేలట. ధర వింటేనే మాకు దడ పుడుతోంది. తినవచ్చునా హకీం గారూ?" అని ఒక సోదరి అడిగారు. మన దేశంలోకి గొడ్డు మాంసం దిగుమతి నిషిద్ధం కనుక, ఇది విదేశాల్లో పిల్లలున్న ఇళ్ళలో వచ్చే ప్రశ్న. ఈ మాంసం ముట్టని పాఠకులు సమాచారం కోసం చదవండి.

'వా' అంటే జపాన్‌కు చెందినది, 'గ్యూ' అంటే పశువు. ఇందులో నాలుగు జాతులున్నాయి. అంగడికి వచ్చేది చాలావరకు నల్లజాతిదే. మామూలు మాంసంలో కొవ్వు పక్కన పేరుకుంటుంది, కత్తితో తీసేయవచ్చు. వాగ్యూలో అది కండ మధ్యనే పాలరాతి చారల్లా అల్లుకుని ఉంటుంది, తీయడం కుదరదు. ఈ కొవ్వు తక్కువ వేడికే కరుగుతుంది, అందుకే నోట్లో వెన్నలా ఉంటుంది. పశువులకు బీరు తాగించి ఒళ్ళు మర్దిస్తారన్న కథ చాలామంది నమ్ముతారు గానీ అది అక్కడి మామూలు పద్ధతి కాదు. జాతిని జాగ్రత్తగా కాపాడి, సుమారు 30 నెలల వయసు వరకు ధాన్యపు దాణా, వరిగడ్డి పెట్టి మేపుతారు. ధరలో పెద్ద భాగం ఆ దూడ ఖరీదు, ఆ మేత ఖర్చు.

'ఎ5' అన్న గుర్తు చూసి ఆరోగ్యానికి మొదటి రకమని అనుకోకండి. 'ఎ' అంటే ఆ పశువు నుంచి ఎంత మాంసం దక్కుతుందన్న లెక్క. 5 అంటే చారలు, రంగు, గట్టిదనం బాగున్నాయని. చారలకు 1 నుంచి 12 వరకు అంకెలుంటాయి, 8 గానీ ఆపైన గానీ వస్తేనే 5 ఇస్తారు. అంటే కొవ్వు ఎక్కువైతే మార్కులు ఎక్కువ!

జపాన్ ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల వాగ్యూ సర్లాయిన్‌లో కొవ్వు రమారమి 47 గ్రాములు, మాంసకృత్తులు 12 గ్రాముల లోపే. బలం కోసమైతే ఇంట్లో కోడిమాంసం దీనికంటే ఎంతో మెరుగు. ఆలివ్ నూనెలో ఉండే ఓలియిక్ ఆమ్లం ఇందులోనూ ఎక్కువన్న మాట నిజమే. అబ్బాయి విన్నది అదే అయివుంటుంది. కానీ దాని వెంటే 16 గ్రాముల దాకా సంతృప్త కొవ్వూ వస్తుంది. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 22 గ్రాములు. 150 గ్రాముల ముక్క ఒక్కటి తింటే ఆ హద్దు దాటినట్టే.

మా యూనానీలో గొడ్డు మాంసం బరువైనదని, సౌదాను పెంచుతుందని ఇబ్నె సీనా కాలం నుంచీ చెబుతున్నారు. కొవ్వు తోడైతే జీర్ణం ఇంకా ఆలస్యం. అందుకే ముస్లెహ్, అంటే దోషం సరిచేసేది, తోడుగా ఉండాలంటాం: సిర్కా, అల్లం వంటివి. జపాన్‌వారు కూడా దీన్ని తురిమిన ముల్లంగితోనో, పుల్లటి నిమ్మజాతి రసంతోనో తింటారు. పల్చటి పొరలుగా కోసి, నలుగురూ కలిసి నాలుగేసి ముక్కలు తింటారు. పళ్ళెం నిండా పెట్టుకునే వంటకం కాదిది.

ఆరోగ్యవంతుడు రుచి చూడాలనుకుంటే, జేబు అనుమతిస్తే, ఎప్పుడో ఒకసారి 50 గ్రాములు తినవచ్చు. ఆ డబ్బు రుచికే, మందుకు కాదు. పేరు చూసి మోసపోవద్దు. అసలైన కోబే మాంసం హ్యోగో ప్రాంతంలో పుట్టి పెరిగిన తజిమా వంశపు పశువులది మాత్రమే. 2012కు ముందు అది జపాన్ దాటి ఎగుమతే కాలేదు. అమెరికా, ఆస్ట్రేలియా వాగ్యూలో చాలావరకు సంకరజాతులదే. చెడ్డదని కాదు, కానీ జపాన్ ధర ఇవ్వనక్కర లేదు. జపాన్ పశువుకైతే 10 అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది, దుకాణంలో అడగండి. హలాల్ పత్రం కావలసినవారు అదీ విడిగా అడిగి చూడాలి.

ఇక మీవారి సంగతి, అమ్మా. స్టెంటు పడిన మనిషికి వాగ్యూ వద్దు. దుబాయిలో తాజా చేపలకు కొదవ లేదు, అబ్బాయిని అవి వండించమనండి. డాక్టరు రాసిన మాత్రలు అక్కడున్నన్నాళ్ళకూ సరిపడా వెంట తీసుకెళ్ళండి. ఆ మాత్రలు వేసుకుంటూ ఏ యూనానీ మందు మొదలుపెట్టాలన్నా ముందు ఆ డాక్టరునే అడగండి.