వెలిగీ వెలగకముందే ఆరిపోయే కంప్యూటరు



మిక్సీ పాడైతే రోలు ఉంది. గ్యాసు అయిపోతే పక్కింటి వదినగారున్నారు. మరి ఇంట్లో కంప్యూటరు మొరాయిస్తే? "అది మనకు అంతుపట్టే వ్యవహారం కాదు" అనుకుని ఊరుకుంటాం. కిందటి వేసవి దాకా నేనూ అంతే.

మేముండేది నాగారంలో. మాకు దగ్గరలోనే ఇ.సి.ఐ.ఎల్. ఉంది. అణుశక్తి శాఖ కింద 1967లో ఏర్పడిన ఆ సంస్థ, ఎ.ఎస్. రావుగారి సారథ్యంలో టి.డి.సి.-12 అనే కంప్యూటరును తయారుచేసింది. అలాంటి చోట కాపురముంటూ, మా ఇంటి కంప్యూటరుకు ఏమొచ్చిందో నాకు తెలియలేదంటే దీపం కిందే చీకటి అనాలి.

మా అమ్మాయి అప్పుడు డిగ్రీ ఆఖరి ఏడు చదువుతోంది. ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వడానికి ఇంకా మూడు రోజులుందనగా కంప్యూటరుకు జబ్బు చేసింది. మీట నొక్కితే ఫ్యాను తిరుగుతుంది, విండోస్ గుర్తు వస్తుంది, అంతలో ఠప్పున ఆరిపోతుంది. పిల్ల కంగారుపడి మళ్ళీ మళ్ళీ నొక్కడమే. నాలుగు నెలల శ్రమంతా అందులోనే ఉంది, మరోచోట కాపీ లేదాయె! మరమ్మతు కుర్రాడికి ఫోను చేస్తే, "మదర్‌బోర్డు పోయినట్టుందాంటీ. అది మార్చి విండోస్ కొత్తగా వేసేద్దాం. లోపలి ఫైళ్ళకు మాత్రం గ్యారంటీ లేదు" అన్నాడు. పెట్టె చూడకుండానే!

పిల్లకు జ్వరమొస్తే డాక్టరుగారు మొదట ఏమడుగుతారు? ఎప్పటినుంచి, ఏ వేళకు వస్తోంది అని గదా! సరే, నేనూ అదే చూద్దామని పాల లెక్క పుస్తకం వెనక పేజీలో గడియారం చూసి రాశాను. మొదటిసారి నాలుగు నిమిషాలు నడిచింది. వెంటనే వేస్తే ఒక్క నిమిషం. మూడోసారి అర నిమిషమైనా లేదు. సాయంత్రం దాకా వదిలేసి వేస్తే మళ్ళీ నాలుగు నిమిషాలు!

చూశారూ, చల్లారితే నడుస్తోంది, వేడెక్కితే ఆగుతోంది. మనం సీపీయూ అని పిలిచే పెట్టెలో ప్రాసెసరనే చిన్న బిళ్ళ ఉంటుంది. లెక్కలన్నీ చేసేది అదే. పనిచేస్తున్నకొద్దీ వేడెక్కుతుంది. ఆ వేడిని లాగడానికి దానిమీద అల్యూమినియం రేకుల దిమ్మ, ఆపైన ఫ్యాను ఉంటాయి. వేడి ఇంచుమించు 100 డిగ్రీలకు చేరితే, తాను మాడిపోకుండా మొత్తం ఆపేస్తుంది. కుక్కరుకు సేఫ్టీ వాల్వు ఎలాగో దానికిది అలాగ. కాబట్టి వెంటవెంటనే మీట నొక్కడం, ఆవిరి పోని కుక్కరు కింద మళ్ళీ మంట పెట్టడమే.

ఇంకో పరీక్ష కూడా ఉంది. మీట వేసిన వెంటనే డిలీట్ గాని, ఎఫ్2 గాని వరసగా నొక్కితే బయాస్ అనే తెర వస్తుంది. కొన్ని కంపెనీల వాటికి వేరే మీట ఉంటుంది. అప్పటికి విండోస్ ఇంకా మొదలు కాదు. అక్కడ ఊరికే వదిలేసినా ఆరిపోయిందంటే తప్పు విండోస్‌ది కాదన్నమాట. ఇక దాన్ని చెరిపి కొత్తగా వేయడమెందుకు? ఆ తెరమీదే చాలావాటిలో వేడి ఎంతో కూడా కనిపిస్తుంది. మాది చూస్తూండగానే 90 దాటింది.

అన్ని ఇళ్ళలో జబ్బు ఇదే అనను. మీట వేసిన ఒకటి రెండు సెకన్లకే ఆరిపోతే, కరెంటు అందించే ఎస్.ఎం.పి.ఎస్. డబ్బా బలహీనపడి ఉండొచ్చు, లోపల ఎక్కడో షార్టయి ఉండొచ్చు, ర్యామ్ పలక సరిగా కూర్చోకపోయి ఉండొచ్చు, మీటే లోపలికి ఇరుక్కుని ఉండొచ్చు. బోర్డుమీది కెపాసిటర్లు పూరీల్లా పైకి ఉబ్బితే అవీ పోయినట్టే. యు.పి.ఎస్. కూడా కుయ్యిమని ఆగిపోతుంటే దాని బ్యాటరీని అనుమానించాలి. కంప్యూటరును నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టి చూస్తే తేలిపోతుంది. పూర్తిగా ఆరిపోకుండా, నీలం తెర కనిపించి మళ్ళీ తానే మొదలవుతుంటే అప్పుడు విండోస్‌నో, డిస్కునో చూడాలి.

పెట్టె తెరిచేముందు ప్లగ్గు తప్పక పీకేయండి. ఆ తర్వాత మీటను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని, లోపలి ఇనుప రేకును ఒకసారి తాకండి. ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాను మాత్రం ఎన్నడూ విప్పవద్దు. ప్లగ్గు తీసినా అందులో కరెంటు నిలవ ఉంటుంది.

మా వీధిలో ఎప్పుడూ ఇళ్ళు కడుతూనే ఉంటారు. పెట్టె పక్కరేకు తీస్తే రేకుల మధ్య సిమెంటు దుమ్ము దూదిలా పేరుకుని ఉంది! ఫ్యాను తిరక్కుండా వేలితో ఆపి, పొడి రంగుల కుంచెతో దులిపాను. అప్పుడు కనిపించింది, ఆ దిమ్మ నాలుగు కాళ్ళలో ఒకటి ఊడి ఉంది. అడుగు వంకరపోయిన గిన్నె పొయ్యిమీద ఆనక, అన్నం ఉడకదే, అలాగే దిమ్మ బిళ్ళకు ఆనక వేడి పైకి పోవడంలేదు.

ఆ కుర్రాణ్ణే పిలిపించి పాల పుస్తకం ముందు పెట్టాను. చదివి నవ్వేసి, "బోర్డు బాగానే ఉందాంటీ" అన్నాడు. ఎండిపోయిన పేస్టు తుడిచి కొత్తది రాసి, కాలు బిగించాడు. అంతే, కంప్యూటరు నిలకడగా నడిచింది. మా అమ్మాయి ముందు చేసిన పని రిపోర్టును పెన్‌డ్రైవులోకి ఎక్కించుకోవడం. ఒకవేళ బోర్డే పోయినా, డిస్కు బాగుంటే దాన్ని తీసి మరో కంప్యూటరుకు తగిలించి ఫైళ్ళు తీసుకోవచ్చట. ఆ సంగతి అతనే చెప్పాడు. ఫోనులోనే ఆ మాట చెప్పి ఉంటే, పిల్ల ఆ రాత్రి అన్నం మానేది కాదు గదా!

అందుచేత చెల్లెళ్ళూ, ఎవరైనా "అంతా చెరిపేయాలి" అంటే వెంటనే తలూపకండి. ముందు ఫైళ్ళు బయటికి తీసిపెట్టమనండి. అతను వచ్చేలోగా, ఎన్ని నిమిషాలకు ఆగిందో ఓ కాగితం మీద రాసి ఉంచండి. అది మనమూ చేయగల పనే!