తోబుట్టువుల చదువునకు ఉపకారవేతనపు దరఖాస్తు

సేద్యగాండ్ర యిండ్లలో పెద్దవాడు కాడి పట్టుటయు, చిన్నవారు బడికి పోవుటయు మన మెఱిగినదే. ఇంటర్మీడియెటు ముగిసిన పిమ్మట మన పల్లెల బాలబాలికలు కళాశాలా విద్యకై హైదరాబాదు చేరుచున్నారు. బేగంపేటలోని ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాలలో చదువగోరు రైతుబిడ్డలును కలరు. తల్లిదండ్రులు కళాశాల గడప త్రొక్కనివారైనపుడు దరఖాస్తు విషయమున చెల్లెలికి గాని తమ్మునికి గాని తోడుపడు భారము అన్నపైనను అక్కపైనను పడును. ఆ భారమును చక్కగ వహించు విధమును ఇచ్చట వివరించుచున్నాము.

ముందుగ నొక్క మాట. ఉపకారవేతనము చేజాఱుటకు అర్హత లేకుండుట యొక్కటియే కారణము కాదు. పేరులో నొక యక్షరము భేదించుట, బ్యాంకు ఖాతా పనిచేయకుండుట, గడువు దాటుట అనునవియు కారణములే. ఇవి యన్నియు ముందే సరిచేయదగినవి. కావున పెద్దవారి పని దరఖాస్తు దినమున గాక, అంతకు రెండు మూడు మాసములకు పూర్వమే ప్రారంభము కావలెను. విత్తు నాటికి దుక్కి సిద్ధముగ నుండవలెను గదా.

నాడును నేడును

బేగంపేటలో 1923లో జాగీర్దారు కళాశాల స్థాపింపబడెను. అది జాగీర్దారుల బిడ్డల కొఱకు ఏర్పడినది. జాగీరులు 1949లో రద్దయిన పిదప అదియే హైదరాబాదు పబ్లిక్ స్కూలుగ మాఱెను. ఆ కాలమున పల్లెనుండి వచ్చిన విద్యార్థికి పట్నమున నిలువ నీడ దొరకుటయే కష్టముగ నుండెను. రాజా బహద్దరు వేంకటరామారెడ్డిగారి పూనికతో 1918లో రెడ్డి హాస్టలు వెలసినది ఆ కొఱతను తీర్చుటకే. 1944లో షెడ్యూల్డు కులముల విద్యార్థులకు మెట్రిక్ తరువాతి చదువులకై ఉపకారవేతనములు ఆరంభమయ్యెను. నేడు షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులు, అల్పసంఖ్యాకులు, ఇతర వర్గములలోని పేదలు, వికలాంగులు దరఖాస్తు చేసికొన వీలున్నది. నాడు దాతల దయపై నాధారపడినది నేడు నియమముచే లభించుచున్నది. అయితే దాత ముఖము చూచి మన్నించును. నియమము కాగితమును మాత్రమే చూచును. కాగితము సరిగనుండుట కిందువలననే యింత ప్రాముఖ్యము.

సీటు పొందునపుడే చూడవలసినది

తెలంగాణమున ఈ సహాయము ఈ-పాస్ అను ప్రభుత్వ కంప్యూటరు పద్ధతి ద్వారా నడచుచున్నది. ఇందు రెండు భాగములు కలవు. ఒకటి కళాశాలకు చెందు బోధనా రుసుము. రెండవది విద్యార్థి ఖర్చులకై యిచ్చు నిర్వహణ వేతనము. డిగ్రీ ప్రవేశములు 2016నుండి దోస్త్ అను పద్ధతిలో జరుగుచున్నవి. ఇంజనీరింగువంటి చదువులకు ప్రవేశపరీక్ష పిదప కన్వీనరు ద్వారా సీట్లు లభించును. యాజమాన్యపు కోటాలో సీటు కొన్నవారికి రుసుము తిరిగి రాదు. దళారి చూపిన సీటు ఏ కోటాలోనిదో యడుగక ధాన్యపు సొమ్ము చెల్లించుట తగదు.

సిద్ధపఱచవలసిన కాగితములు

మొదటిది, పేరు. పదవ తరగతి ధ్రువపత్రమునందలి పేరు, ఇంటిపేరు, పుట్టినతేది ఆధార్ కార్డునందును అట్లే యుండవలెను. పల్లెలో పిలుచు పేరు ఆధారునందును, బడి పేరు పత్రమునందును ఉన్నచో పరీక్షాఫలితములు వెలువడకముందే ఆధారును సరిచేయింపుడు.

రెండవది, ఆదాయ ధ్రువపత్రము. దీనిని మీసేవలో దరఖాస్తు చేసి తహసీల్దారు కార్యాలయమునుండి పొందవలెను. గడువు తీరిన పత్రము చెల్లదు. వెనుకబడిన తరగతులవారికి గ్రామములందు లక్షన్నర, పట్టణములందు 2 లక్షల రూపాయలు వార్షికాదాయ పరిమితిగ చాలకాలము అమలునందుండెను. ఇట్టి పరిమితులు వర్గమునుబట్టియు కాలమునుబట్టియు మాఱుచుండును గనుక ఆ యేటి ప్రకటన చూచుకొనవలెను. సంపాదించుచున్న అన్నలకు ఇచ్చట నొక సందేహము కలుగును. షెడ్యూల్డు కులముల కేంద్ర ఉపకారవేతన నియమములు, తల్లిదండ్రులలో నొకరైనను జీవించియున్న యెడల వారి యాదాయమునే లెక్కింపవలెననియు, తక్కినవారి సంపాదనను చేర్చరాదనియు తెలిపినవి. తమ పథకమున నియమ మెట్లున్నదో కళాశాలలో నడిగి తెలిసికొనుడు. సేద్యపు టాదాయమును దాచుట మాత్రము పనికిరాదు; తప్పు పత్రము పిమ్మట బయటపడిన యెడల విద్యార్థికే చేటు.

మూడవది, బ్యాంకు ఖాతా. ఇది విద్యార్థి పేరనే యుండవలెను. ఆధారుతో ముడిపడి యుండవలెను. తండ్రి పంటఋణపు ఖాతా నిచ్చుట తగదు. రెండేండ్లు జమ గాని తీత గాని లేని ఖాతా నిద్రాణమగును. కావున ముందుగ కొంత సొమ్ము జమచేసి, తీసి, ఖాతా నడచుచున్నదో లేదో పరీక్షింపుడు.

వీనితో కుల ధ్రువపత్రము, ఆహార భద్రతా కార్డు, మార్కుల పత్రములు, బదిలీ పత్రము, చదివిన బడుల బోనఫైడ్ పత్రములు ఒక్క సంచిలో నుంచి, ప్రతిదానికి రెండేసి నకళ్లు తీయించి యుంచుడు.

దరఖాస్తు వేయు దినమున

అమీరుపేట, పంజగుట్ట వీధులలో శిక్షణాలయములు, వసతిగృహములు, దరఖాస్తులు నింపు దుకాణములు అడుగడుగున కనబడును. దుకాణదారుని సాయము పొందుట తప్పు కాదు. కాని అతని ఫోను నంబరును దరఖాస్తులో వ్రాయింపకుడు. ప్రభుత్వమునుండి వచ్చు సందేశములును రహస్య సంఖ్యలును విద్యార్థి ఫోనునకే రావలెను. పంపుటకు ముందు ప్రతి యంకెను విద్యార్థిచేత పైకి చదివించి సరిచూడుడు. దరఖాస్తు సంఖ్యను వ్రాసి యుంచుకొనుడు. వ్రేలిముద్రకై పిలిచినపుడు విద్యార్థియే మీసేవకు పోవలెను. అచ్చుప్రతిని కాగితములతో కళాశాల కార్యాలయమున నిచ్చి, అందినట్లు సంతకము తీసికొనినగాని పని ముగిసినట్లు కాదు.

చేతిలో సొమ్ము లేని కాలము

మంజూరైన సొమ్ము వెంటనే చేరునని తలపరాదు. బకాయిలకై 2025 నవంబరులో తెలంగాణలోని ప్రైవేటు కళాశాలలు తరగతులు నిలిపివేసిన సంగతి పాఠకు లెఱిగినదే. కావున చేరునాడే కళాశాలలో రెండు ప్రశ్నలడుగుడు: ప్రభుత్వపు సొమ్ము ఆలస్యమైన యెడల విద్యార్థినుండి రుసుము కోరుదురా? చదువు ముగిసిన పిదప అసలు పత్రముల నాపుదురా? ప్రభుత్వ కళాశాలలో రుసుమే స్వల్పము గనుక ఈ భయము తక్కువ. వసతికై సంక్షేమశాఖల కళాశాలా వసతిగృహములందు స్థానమున్నదేమో మొదట విచారించి, పిమ్మటనే ప్రైవేటు వసతిగృహమును చూడుడు.

పంటఋణమును రుసుమునకు మళ్లించు రైతులు కలరు. గడువునకు తీర్చనిచో వడ్డీ రాయితీ పోవును. మఱుసటి పంటకు అప్పు పుట్టదు. చదువునకు బ్యాంకులు వేఱుగ విద్యాఋణము లిచ్చుచున్నవి. 4 లక్షల వరకు తాకట్టు అడుగరు. ఇంటర్మీడియెటులో తమ విభాగమున నూటికి 80 మందికంటె పైనున్న వారికి కేంద్రప్రభుత్వపు ఉపకారవేతన మొకటి కలదు. కుటుంబాదాయము నాలుగున్నర లక్షలు మించరాదు. డిగ్రీ మూడేండ్లు ఏటికి 12,000 రూపాయల చొప్పున లభించును. వేఱు ఉపకారవేతనము గాని రుసుము తిరిగి పొందుట గాని ఉన్నవారికి ఇది వర్తింపదు. ఏది మేలో లెక్కించి యొకదానినే కోరవలెను.

మొదటి యేడు మంజూరైనంత మాత్రమున తక్కిన యేండ్లకు దానంతట నది రాదు. ప్రతి యేట పునరుద్ధరణకు దరఖాస్తు చేయవలెను. హాజరు నూటికి 75 వంతులు తగ్గరాదు. పై తరగతికి పోవలెను. విత్తనాల వేళ ఇంటిపనికి చెల్లెలిని పదేపదే రప్పించుకొనువారు ఈ హాజరు లెక్కను మఱువరాదు.

తుదకు అన్నలకును అక్కలకును మా మనవి. దరఖాస్తును మీరే నింపి యిచ్చినచో పని తొందరగ ముగియును. కాని పట్నమున ఒంటరిగ కార్యాలయముల చుట్టు తిరుగవలసినది చెల్లెలే గనుక, మీరు ప్రక్కన నిలిచి యామెచేతనే నింపింపుడు. రెండవ యేడు ఆమె తానే చేసికొనును. ఆ పిమ్మట ఊరిలోని మఱి నలుగురికి ఆమెయే త్రోవ చూపగలదు. మన సంఘములో చదువుకొన్న సభ్యులు ఫలితములు వెలువడు దినములలో ఒక సాయంకాలము కార్యాలయమున కూర్చుండి ఇరుగుపొరుగు పిల్లల కాగితములు సరిచూచినచో, ఒక్క రూపాయి ఖర్చు లేకయే పెక్కు కుటుంబముల కుపకారము జరుగును.