మెయిన్ కంటే ముందు ఎవరు?

సి ప్రోగ్రాం మెయిన్‌తో మొదలవుతుందని క్లాసులో చెబుతారు. మనం రాసే భాగం వరకు అది నిజమే. మరి ఆ మెయిన్‌ను పిలిచేదెవరు?

కడప జిల్లా కమలాపురం చేలల్లో వేరుశనగ విత్తే ముందు దుక్కి దున్ని, గుంటక తోలి నేలను సిద్ధం చేస్తారు కదా! ప్రోగ్రాంకూ అలాంటి పనే ఉంది. లినక్స్‌లో మన ప్రోగ్రాం ఫైల్లోంచి మొదట నడిచేది ‘అండర్‌స్కోర్ స్టార్ట్’ అనే చిన్న ముక్క. దాన్ని మనం రాయం, లింకర్ తెచ్చి కలుపుతుంది. అది సి లైబ్రరీని పిలిస్తే, లైబ్రరీ తన ఏర్పాట్లు చూసుకుని మెయిన్‌ను పిలుస్తుంది. మనం విలువ ఇవ్వని గ్లోబల్ వేరియబుల్‌లో సున్నా ఉండటం కూడా మెయిన్‌కు ముందు జరిగిన ఏర్పాటే.

ఆ మధ్యలో మన కోడ్ నడపొచ్చా? జీసీసీ, క్లాంగ్ కంపైలర్లలో నడపొచ్చు. ఫంక్షన్ ముందు ‘ఆట్రిబ్యూట్’ అని రాయాలి. ఆ మాటకు అటూ ఇటూ రెండేసి అండర్‌స్కోర్లు, ఆ తర్వాత జంట బ్రాకెట్లలో ‘కన్‌స్ట్రక్టర్’. అప్పుడు ఆ ఫంక్షన్ అడ్రసు ‘ఇనిట్ అరే’ అనే పట్టీలో చేరుతుంది. పట్టీలోనివన్నీ నడిచాకే మెయిన్ వంతు. మీరే చేసి చూడండి: ఆ ఫంక్షన్‌లో ‘కమలాపురం’ అని, మెయిన్‌లో ‘కడప’ అని ప్రింట్ చేయించండి. తెరమీద కమలాపురమే ముందు వస్తుంది! ఇలాంటివి రెండు ఉంటే వరుస నంబర్లు ఇవ్వొచ్చు. 101 ఉన్నది 102 కంటే ముందు నడుస్తుంది. 100 వరకు నంబర్లు కంపైలర్‌వి, వాటిని ముట్టుకోకూడదు.

ఈ సదుపాయం సి ప్రమాణంలో లేదు. పైగా మెయిన్ చదివేవాళ్లకు ఇది కనిపించదు, తప్పు దొర్లితే వెతకడం కష్టం. అయినా లైబ్రరీలు రాసేవాళ్లకు ఇది కొన్నిసార్లు అవసరమవుతుంది. మామూలు ప్రోగ్రాంలో మాత్రం అలాంటి ఫంక్షన్‌ను మెయిన్ మొదటి లైన్లోనే పిలవడం మేలు.