ఆ పొట్టు ఊడ్చేయకండి!

మౌస్ పట్టే చేతులు రంపం పడతాయి! ఇంజినీరింగ్ మొదటి ఏడాది వర్క్‌షాపులో వడ్రంగం కూడా ఓ పాఠమే మరి. 1959లో ఆర్‌ఈసీ(ఇప్పటి నిట్) వచ్చినప్పటి నుంచీ వరంగల్ ఇంజినీరింగ్ చదువులకు పేరు. వర్క్‌షాపులో చెక్కకి చిత్రిక పట్టాలి, కొలత గీయాలి, ఉలితో చెక్కి రెండు ముక్కల్నీ మేకు కొట్టకుండా కలపాలి. సందు కనిపించిందా... మార్కులు పోయినట్లే! మార్కులు పడ్డాక ఆ చెక్క ఓ మూలకి, రంపపు పొట్టు చెత్తబుట్టకి.

అదే పొట్టు చేర్యాలలో బొమ్మకి ముక్కవుతుంది. 2016 వరకూ వరంగల్ జిల్లాలో ఉండి ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న ఈ ఊళ్లో నకాషీ కళాకారులు తెల్లపొణికి కర్రతో బొమ్మలు చేస్తారు. పొణికి తేలిక, మెత్తన. ఉలికి ఇట్టే లొంగుతుంది. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి ముద్దచేసి ముక్కూ చెవులూ తీరుస్తారు. పైన సుద్ద పూసి రంగులద్దుతారు. ఇంత విద్యా ఇప్పుడు కొద్ది కుటుంబాల చేతుల్లోనే మిగిలింది.

ఉలి పట్టడం తెలిసిన కుర్రకారు కాలేజీల్లో ఏటా తయారవుతూనే ఉన్నారు. సెలవుల్లో వాళ్లు చేర్యాల దారి పడితే, మార్కుల కోసం నేర్చిన పనే కళగా మారుతుంది.