ఆటబగ్గీ కమానుల విచారణ



బగ్గీ అను మాట మనకు క్రొత్తది కాదు. పూర్వము దొరలును జమీందారులును ఎక్కి తిరిగిన తేలికయైన గుఱ్ఱపుబండికి ఆ పేరు. తరువాత ఇసుకదిబ్బలపై తోలు మోటారుబండ్లకును అదియే చెల్లినది. వానిలో బ్రూస్ మేయర్సు అను నతడు 1964వ సంవత్సరమున కాలిఫోర్నియాలో కట్టిన బండి మిక్కిలి ప్రసిద్ధము. అట్టి బండ్లను ఇంచుమించు పదవవంతు పరిమాణమునకు కుదించి, లోపల మనుష్యుడు లేకుండ, దూరమునుండి రేడియో తరంగములచే నడుపు ఆటబండ్లను జపానులోని టామియా సంస్థ 1979లో వెలువరించెను. 1984లో అమెరికాలోని అసోసియేటెడ్ వారు ఆర్.సి.10 అను బండిని తెచ్చిన పిమ్మట ఇది ఆటవస్తువు అను దశను దాటి పందెపు యంత్రమయ్యెను. మరుసటి యేడే కాలిఫోర్నియాలోని డెల్ మార్ అను చోట దీనికి ప్రపంచస్థాయి పోటీ జరిగినది.

ఇంత దూరపు వస్తువును గూర్చి బుక్కపట్నపు బడిపంతులు మాటలాడుట యేల యని మీ రడుగవచ్చును. సెలవులకు ఊరు వచ్చిన కళాశాల విద్యార్థులు చెరువులో నీరు తీసిన చోట, ఎండిన నేలపై ఈ బండ్లను పరుగెత్తించుచున్నారు. చూచిన పెద్దలు నన్ను రెండు ప్రశ్న లడిగిరి. "ఎవ్వరును ఎక్కని బండికి కమాను లెందుకు, అయ్యవారూ?" అనునది మొదటిది. "ఊరక బోల్తాపడు ఈ బండికి మావాడు మరల మరల డబ్బడుగుచున్నాడు; ఇచ్చుటయా, మానుటయా?" అనునది రెండవది. రెండును మంచి ప్రశ్నలే. మొదటిదానికి సమాధానము తెలిసినచో రెండవది చాలవఱకు తీరును.

మన యెద్దుబండికి కమానులు లేవు. ఇరుసుమీద బండి నేరుగా కూర్చుండును. ఎద్దు నడక మెల్లనిది గనుక చక్రము రాతి నెక్కి దిగువఱకు బండికి వ్యవధి యుండును. జట్కాకు గుఱ్ఱపు పరుగు ఉన్నందున ఇనుప పట్టీల కమాను వచ్చినది. అది ఎక్కినవాని నడుము కొఱకే యని మన తలంపు. అందు సగమే నిజము. వేగముగా పోవు బండికి కమాను ముఖ్యముగా చక్రము నేలను విడువకుండుటకు. బండిని త్రిప్పుటకు గాని, ఆపుటకు గాని, ముందుకు త్రోయుటకు గాని ఆధారము చక్రము నేలను తాకు ఆ చిన్నచోటే. చక్రము గాలిలో నున్నంతసేపు అది నడుపువాని మాట వినదు. కిలోన్నర బరువు కలిగి, గంటకు 50 కిలోమీటర్లు దాటి పరుగెత్తగల ఈ బండికి మన చెరువులోని గులకరాయి గుట్టతో సమానము. కావున ఎక్కువాడు లేకున్నను దీనికి కమాను కావలెను.

ఈ బండి నాలుగు మూలలను నాలుగు గొట్టములుండును. గొట్టము వెలుపల చుట్టతీగ, అనగా స్ప్రింగు. లోపల సిలికాను నూనె. నూనెలో కదలాడునట్టి రంధ్రముల బిళ్ళ. మోటారుసైకిళ్ళు బాగుచేయువారు షాకబ్సార్బరు అనునది ఇదియే. స్ప్రింగును నూనెయు ఒకేచోట నుండుటచే రెంటి పనియు నొకటే యని తోచును. కాదు. స్ప్రింగు బరువును మోయును; నూనె కదలికను మ్రింగును. స్ప్రింగు ఎంత నొక్కబడిన అంత బలముతో ఎదురు త్రోయునని ఇంగ్లండు దేశీయుడు రాబర్టు హుక్కు 1678లో ప్రకటించెను. పుచ్చుకొన్నదానిని ఇంచుమించు పూర్తిగా తిరిగి యిచ్చుట దాని స్వభావము. స్ప్రింగు ఒక్కటే యున్నచో బండి ఒక్క రాతిని దాటి పదిమాఱులు ఊగును. నూనె ఆ ఊపును కొద్దిపాటి వేడిగా మార్చి ముగించును. నూనెకు మఱియొక గుణము కలదు: మెల్లగా కదలించిన దారి యిచ్చును, త్వరపెట్టిన అడ్డగించును. మోకాటిలోతు నీటిలో నడచినవానికిని, అందు పరుగెత్త జూచినవానికిని ఇది వేఱుగ చెప్పనక్కఱ లేదు.

ఇచ్చట కుఱ్ఱవాండ్ర కొక భ్రమ కలదు. గొట్టముపై స్ప్రింగును పట్టియుంచు కట్టు ఒకటి యుండును. దానిని క్రిందికి త్రిప్పినచో బండి గట్టిపడునని వారి విశ్వాసము. వారు చూచునది, బండి పైకి లేచుట మాత్రమే. తీగ గట్టిదనము మారలేదు. బండి నిలుచు ఎత్తు మారినది. అటకకు నిచ్చెన వేసికొన్నంత మాత్రమున మనుష్యుడు పొడగరి కాడు గదా. గట్టిదనము కావలసినచో లావు తీగతో గాని, తక్కువ చుట్లతో గాని చేసిన వేఱు స్ప్రింగు వేయవలెను. తక్కువ చుట్లు గలది మెత్తగా నుండునని తోచును గాని, నిజము దానికి విరుద్ధము: ఒకే తీగతో చేసిన రెంటిలో చుట్లు తగ్గినదే గట్టిది, ఏలయన నొక్కుడును పంచుకొను తీగ పొడవు తగ్గినది. ఆ కట్టును ఎత్తు సరిచేయుటకే వాడవలెను. గతుకుల నేలపై అడుగుపలక నేలకు 25 మిల్లీమీటర్ల ఎత్తున నుండవచ్చును. చదునైన నేలపై మఱి రెండు మూడు తగ్గింపవచ్చును. ఎత్తు పెరిగినకొలది మలుపులో బండి ప్రక్కకు ఒఱగుట పెరుగును. గడ్డిమోపులు మిక్కిలి ఎత్తుగా వేసిన బండి మలుపున ఏమగునో మీ రెఱుగుదురు.

నూనె చిక్కదనము తగినదో కాదో తెలియుటకు పనిముట్టు లక్కఱలేదు. బండిని జానెడు ఎత్తునుండి సమముగ నేలపై విడువవలెను. పడినది పడినట్లు ఒక్కమాఱు క్రుంగి, లేచి, కుదురుకొన్నచో మేలు. రెండు మూడు మాఱులు ఊగినచో నూనె పలుచన. లేచుటకు బద్ధకించినచో చిక్కన. అట్టి బండి వరుస గతుకులపై ఒకదానినుండి కోలుకొనక మునుపే రెండవది తగిలి, నేల కంటక ఎగిరెగిరి పోవును. ఎండకు నూనె పలుచనగును. సిలికానులో ఈ మార్పు తక్కువయే గాని లేకపోలేదు. చల్లని సీమవారు వ్రాసిన పట్టిక చూచి పోసిన నూనె మన వైశాఖపు మధ్యాహ్నమున పలుచబడుట సహజము. అప్పుడు ఒక మెట్టు చిక్కని నూనె పోయవలెను. పోయునప్పుడు గాలిబుడగలు నిలువరాదు. బిళ్ళను మెల్లగా పైకి క్రిందికి ఆడించి, బుడగలన్నియు తేలువఱకు ఓపిక పట్టవలెను. కుడి యెడమ గొట్టములు ఒక్కతీరున కదలవలెను. నేను చూచిన వంకర నడకలలో పెక్కింటికి కారణము మఱేమియు కాదు, ఒక ప్రక్క గొట్టములో నిలిచిన గాలియే.

ఇక మలుపు సంగతి. మలుపులో బండికి రెండే రోగములు. చక్రములు త్రిప్పినను ముక్కు తిరుగక నేరుగ పోవుట ఒకటి. తోక విసరి బండి చుట్టు తిరిగిపోవుట రెండవది. ఏ కొసకు పట్టు చాలదో ఆ కొసను మెత్తబఱుపుము, లేదా ఎదుటి కొసను గట్టిపఱుపుము: ఇది ఉత్సర్గము. ముక్కు తిరుగనిచో ముందు స్ప్రింగు మెత్తనిది వేయవలెను, లేదా బ్యాటరీని కొంచెము ముందుకు జరుపవలెను. తోక విసరినచో వెనుక స్ప్రింగు మెత్తనిది, బ్యాటరీ వెనుకకు. బరువు పడిన చక్రమే నేలను పట్టునని కాడిమీద బరువు సరిచూచుకొని బండి కెత్తు మన రైతునకు ఎవ్వరును నేర్పనక్కఱలేదు. ఉత్సర్గమునకు అపవాదము కూడ కలదు. మెత్తదనము మితిమీరిన బండి దుముకులందు అడుగు నేలకు కొట్టుకొనును. మలుపున మిక్కిలి ఒఱగి, చేతిపెట్టెలోని ఆజ్ఞకు ఆలస్యముగ పలుకును.

వీనికంటె ముందు చూడవలసినది టైరు. మన ఎఱ్ఱ గరపనేలపై గట్టినేలమీద సన్నని గులకపొడి పఱచియుండును. పొడిని చీల్చి క్రింది నేలను పట్టు మొనల టైరు అచ్చట కావలెను. చెరువు నడుమ ఒండ్రుమట్టి ఎండి పలకలుగ పగిలినచోట అదే టైరు మొనలు త్వరగా అఱుగును. టైరు తగనిదైనచో కమానులతో ఎంత కుస్తీ పట్టినను వ్యర్థము.

ఇన్ని మార్పులకు తావున్నచోట క్రమమే ప్రాణము. తర్కశాస్త్రమున కార్యకారణములను నిర్ణయించుటకు అన్వయవ్యతిరేకములు చెప్పబడినవి: అది యున్న ఇది యున్నది, అది లేకున్న ఇది లేదు. ఈ బండికి అంతకు మించిన సాధనము లేదు. ఒక్కటి మార్చి, అదే బాటపై అయిదాఱు చుట్లు త్రిప్పి, గడియారము చూచి, పుస్తకమున వ్రాసి, పిమ్మట ఆ ఒక్కదానిని మునుపటివలె చేసి మరల త్రిప్పి చూడవలెను. మేలు వచ్చి, పోయి, మరల వచ్చినచో అదియే కారణము. మన పిల్లలు స్ప్రింగు, నూనె, టైరు మూడును ఒకేమాఱు మార్చి, బాగుపడిన సంతసింతురు, చెడిన బండినే నిందింతురు. ఏది చేసిన ఏమైనదో వారికి ఎన్నటికి తెలియును?

దుముకు చూచి పెద్దలు ఇంద్రజాలమనుకొన్నది ఒకటి కలదు. బండి గట్టుమీదనుండి ఎగిరి గాలిలో నున్నపుడు నడుపువాడు వేగము పెంచిన ముక్కు పైకి లేచును. బ్రేకు వేసిన ముక్కు క్రిందికి వంగును. గాలిలో ఆనుటకు ఏమియు లేదు గదా యని సందేహము. చక్రములు ముందుకు విసరుగ తిరిగినపుడు బండి మేను దానికి ప్రతిక్రియగ వెనుకకు తిరుగజూచును. చక్రములు చటుక్కున ఆగిన, వాని తిరుగుడు మేనికి సంక్రమించును. నేర్చినవాడు దీనితో బండిని నాలుగు చక్రములపై సమముగ దించుకొనును. నేర్పు లేనప్పుడే చట్టపు భాగములు విఱుగును, ఇంటికి ఉత్తరము వచ్చును.

రెండవ ప్రశ్నకు వచ్చితిమి. పుస్తకమున వ్రాసికొనని కుఱ్ఱవానికి క్రొత్త భాగములకై డబ్బిచ్చుట చిల్లికుండలో నీరు పోయుటయే. వ్రాసికొనువాడు ఎక్కువ అడుగడు. ఒక నూనెసీసా, ఒక జత స్ప్రింగులు చాలునని వాడే చెప్పును. కాబట్టి అడిగినపుడు మొదట ఆ పుస్తకమును తెమ్మనుడు. పెనుకొండ చెంత ఎఱ్ఱమంచి యొద్ద 2019లో కియా కర్మాగారమున కార్లు తయారగుట మొదలైనది. అచ్చటి కారునకును ఈ ఆటబండికిని స్ప్రింగు, నూనెల ధర్మ మొక్కటే. బొమ్మ తోలినవానికి అచ్చట కొలువు దొరకునని నేను చెప్పను. అయినను కారణమును వెదకు అలవాటు ఏ కర్మశాలలో నైన పనికివచ్చును.

ఈ బండ్లకు చెరువులో చోటిచ్చుటకు పెద్దలు వెనుకాడుచున్నారు. వారి భయము న్యాయమే. ఆ వేగమున కాలికి తగిలినచో ఎముక నొచ్చును, లేగదూడలు బెదరును. గొఱ్ఱెలు దిగు దారికి దూరముగ, పొద్దెక్కక మునుపు, త్రాడు కట్టిన ఎల్లలలోపల తిరుగనిచ్చుట మంచిది. చూచువారు దుముకుకు ఎదురుగ గాక, నడుపువాని వెనుక నిలువవలెను. లిథియము బ్యాటరీని మంచముమీద గాని, గడ్డివామి చెంత గాని చార్జికి పెట్టి విడిచిపోరాదు. మంటకు లొంగని పళ్ళెములో నుంచి, దగ్గఱ నొకరు కావలి యుండవలెను. ఉబ్బిన బ్యాటరీని ఇంకొకమాఱు వాడనే కూడదు.