వరద పనుల ఒత్తిడిలోనూ ఆహార నియమం తప్పరాదు

మండవల్లి: 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేరులో చేరినప్పుడు మండవల్లి మండలంలోని లంక గ్రామాలను నీరు చుట్టుముట్టినది. పెదఎడ్లగాడి వంతెన వద్ద నీటిమట్టం, చేపల చెరువు గట్లు, పశువుల మేత తప్ప మరొకటి తోచని రోజులవి. గట్టు తెగునన్న భయంలో వేళకు భోజనం మరచుట తప్పు పట్టదగినది కాదు.

అయితే మధుమేహానికి మందులు వాడువారు మాత్ర వేసుకొని భోజనం మానినచో రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చును. చెమటలు, వణుకు కనిపించిన వెంటనే బెల్లం గాని, పంచదార నీరు గాని తీసుకొనవలెను.

పచ్చడి మెతుకులు, ఎండుచేపలతో రోజులు గడుపుట రక్తపోటు ఉన్నవారికి మంచిది కాదు. రోజుకు ఉప్పు 5 గ్రాములకు మించరాదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు సూచించుచున్నవి. ఎండుచేపలను నీటిలో నానబెట్టి, కడిగి వండినచో ఉప్పు కొంత తగ్గును. వానలకు ముందే పెసలు, వేయించిన శనగలు, వేరుశనగలు మూత గట్టి డబ్బాలలో భద్రపరచుకొనుట మేలు.